బుడగ తోక

డబ్బా మూత పూర్తిగా లేవకముందే కంపు లేచింది.

జొరైదా చాకు మొనతో మూత అంచు పట్టుకుని అలాగే ఆగిపోయింది. లోపల చేప ముక్కలు టమోటా రసంలో నల్లబడి ఉన్నాయి. పైన నురగ. ఆ నురగ ఇంకా బుసబుసమని కదులుతోంది. అట్టపెట్టెలో మిగతా డబ్బాలన్నీ పొట్టలు ఉబ్బి కూర్చున్నాయి. యొవానా బొమ్మలు గీసుకునే పుస్తకం ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. ఆమె వచ్చింది ఈ దరిద్రం చూడటానికి కాదు. పెరూ రాజధాని లీమా శివార్లలో గుట్ట మీది ఆడవాళ్ళు కలిసి వండుకునే ఉమ్మడి కుండ గురించి ముచ్చటైన బొమ్మల కథనం ఒకటి గీసుకు రమ్మని ఆమె పనిచేసే వార్తల సైటు పంపితే, తెల్లవారుతూనే మోటోటాక్సీ ఎక్కి వచ్చింది. ఉల్లిపాయలు తరిగే చేతులు, పొగమంచులో వరస కట్టిన గిన్నెలు, ఒక ముసలామె నవ్వు. వాళ్ళకి అంతవరకే కావాలి.

"ఏంటి సార్ ఇది?" అంది జొరైదా.

మునిసిపాలిటీలో వంటశాలలకి సరుకు చేరవేసే ఎల్మెర్ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒక చేత్తో తెల్ల రుమాలు ముక్కుకి నొక్కుకుని, రెండో చేతిలో పెన్నుతో అట్టపెట్టె మీద టకటక కొడుతున్నాడు.

"చేపలమ్మా. కళ్ళు కనపట్టం లేదా?"

"చేపలంటారేంటి సార్, శవాలివి. కుక్కక్కూడా పెట్టను."

"పెద్ద వంటమనిషివి కదా, ఆ మాత్రం తెలీదూ? బాగా కడుగు. నిమ్మకాయ పిండు. మిరపకాయలు దట్టించు." రుమాలు వెనకనుంచే ఒక నవ్వు నవ్వాడు. "గుట్ట మీద పిల్లలకి ఇదే ఎక్కువ."

పెన్ను జేబులో పెట్టుకుని, మెరిసే బూట్లకి బురద అంటకుండా రాళ్ళ మీద కాళ్ళు వేసుకుంటూ దిగిపోయాడు. ఆ మాట విన్నది ఇద్దరే. మిగతా ఆడవాళ్ళంతా నీళ్ళ లారీ వచ్చిందని బకెట్లు పట్టుకుని కిందికి పోయారు.

జొరైదా తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పార తెచ్చి వంటశాల వెనక వాలులో గొయ్యి తీసింది. యొవానా పుస్తకం పక్కన పెట్టి పెట్టె రెండో కొస పట్టుకుంది. డబ్బాలు గోతిలో పడేసి, మీద సున్నం చల్లి మట్టి కప్పారు. సున్నం ఘాటు కూడా ఆ కంపుని చంపలేకపోయింది. జొరైదా మెడలో ఎర్రదారానికి వేలాడే వంటశాల తాళంచెవి వంగినప్పుడల్లా పార కర్రకి తగిలి చప్పుడవుతోంది.

"ఇది గీస్తావా పిల్లా?"

"గీస్తాను పిన్నీ."

"నన్ను నన్నులాగే గియ్యి. ఈ వెండి పన్ను మర్చిపోకు, ముప్పుతిప్పలు పడి కట్టించుకున్నా. వాణ్ణి కూడా వాడిలాగే గియ్యి. రుమాలుతో సహా."

"అలాగే."

ఆ మధ్యాహ్నం కుండలో బంగాళాదుంపల పులుసు ఉడికింది. గిన్నె చాపిన ఒలిందా గరిటె లోపలికి తొంగి చూసింది. జొరైదాకి వరసకి ఆడబిడ్డ, వంటలో రెండో చెయ్యి. ఆమె నోరు తెరిస్తే గుట్ట కింది బస్టాపు దాకా వినపడుతుంది.

"మునిసిపాలిటీ బండి వచ్చిందట, చేపలు దించిందట. కుండలో తోక కూడా కనపడదేంటి వదినా?"

"కుళ్ళిపోయాయి. పాతేశా."

"అన్నీనా?"

"అన్నీ."

ఒలిందా గిన్నెలోకి చూసుకుంటూ వెళ్ళిపోయింది. ఆ చూపు యొవానాకి నచ్చలేదు.

*

బొమ్మ గీయటం యొవానాకి తిండి లాంటిది. ఆ రోజు కూచున్నది లేవకుండా గీసింది. డిజిటల్ పలక మీద ప్లాస్టిక్ కలం నడుస్తుంటే ఉబ్బిన డబ్బాలు వచ్చాయి, చాకు మొన వచ్చింది, జొరైదా వెండి పన్ను వచ్చింది. ఎల్మెర్ ఉన్న బొమ్మ గడి దగ్గర కొంచెం ఆగింది. ఆ గడిని పేజీ అడ్డంగా పొడుగ్గా తీసింది. ఎడం పక్క జొరైదా, కుడి పక్క గుమ్మంలో ఎల్మెర్, మధ్యలో పెట్టె. రుమాలు మీద రెండు కళ్ళు. పైన మాటల బుడగ, అందులో ఆ ఒక్క మాట, బుడగ తోక సూటిగా రుమాలు వైపు.

సంపాదకుడు గొంసాలో కాఫీ కప్పుతో వెనక నిలబడి చూశాడు.

"అబ్బ! కంపు కొడుతోంది యొవానా. బొమ్మలోంచి కంపు తెప్పించావే!" అని మెచ్చుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కాని వీడి ముఖం తీసెయ్యాలి. లాయరు ఒప్పుకోడు."

"వాడు ఆ మాట అన్నాడు. నేను విన్నాను."

"విన్నావు, రికార్డు చెయ్యలేదుగా? ఫొటో ఉంటే ఫొటో తప్పు అనలేరు. బొమ్మ అనేసరికి నువ్వు కల్పించావంటారు. పరువునష్టం వేస్తే సైటు మూసుకోవాలి. మాట ఉంచు, మనిషిని తీసెయ్. మనకి కావలసింది మాటేగా?"

యొవానా వాదించింది. అయితే ఎంత వాదించాలో అంత వాదించలేదు. నెల చివరకి ఈ కుర్చీ ఉండాలన్న సంగతి గొంసాలో ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఇద్దరికీ తెలుసు. కలం తిరగేసి ఎల్మెర్ కళ్ళు చెరిపింది, రుమాలు చెరిపింది, భుజాలు చెరిపింది. పలక మీద చెరిపితే మరక కూడా మిగలదు. కుడి అంచున ఒక మెరిసే బూటు మొన మాత్రం ఉంచింది. బుడగ తోకని ఆ అంచు దాకా లాగి గడి బయటికి వదిలేసింది. తెలివైన పాఠకుడికి అర్థమవుతుందిలే, అనుకుంది. ఇలాంటప్పుడు మనకి పాఠకుడి తెలివి మీద ఎక్కడ లేని నమ్మకం పుట్టుకొస్తుంది.

మర్నాడు ఉదయం సైటులో పేజీ వచ్చింది. చూసినవాళ్ళు బాగుందన్నారు. అంతవరకు ఏమీ లేదు. ఆ పేజీ ఫోనులో అడ్డంగా పట్టదని, మధ్యాహ్నానికల్లా దాన్ని ముక్కలు కోసి, వేలితో జరుపుకుంటూ పోయే చదరపు బొమ్మలుగా సోషల్ మీడియాలో పెట్టారు. కోసింది మనిషి కాదు. దానికో సాఫ్ట్‌వేరు ఉంది. అది బొమ్మలో ముఖం ఎక్కడుందో వెతుకుతుంది, ఆ ముఖాన్ని మధ్యలో పెట్టి మిగిలింది నరికేస్తుంది. అక్షరాలు చిన్నవైతే బుడగని పెద్దది చేసి మళ్ళీ గీస్తుంది. తోకని దగ్గర్లో ఉన్న నోటికి తగిలిస్తుంది.

ఆ పొడుగు గడిలో ఉన్నది ఒక్కటే ముఖం.

బస్సులో కిటికీ పక్క కూచుని ఫోను తెరిచిన యొవానా మొదట తన బొమ్మని తనే గుర్తుపట్టలేదు. చదరం నిండా జొరైదా. చేతిలో చాకు, ముందు ఉబ్బిన డబ్బా, నోట్లో వెండి పన్ను. నెత్తి మీద పెద్ద తెల్ల బుడగ. దాని తోక తిన్నగా ఆ వెండి పన్ను దగ్గరికి దిగి ఉంది.

గుట్ట మీద పిల్లలకి ఇదే ఎక్కువ.

వేలితో కిందికి, కామెంట్లలోకి తోసింది. ఛీ, ఎంత కుళ్ళు! "ఈ ముసలి పంది నోట్లోనే కుక్కాలి ఆ చేపలు." "పేదవాళ్ళని దోచేది పేదవాళ్ళే, నేనెప్పుడో చెప్పాను." "పన్ను చూశారా? పిల్లల కూటి డబ్బు అది." ఎవడో ఆ గడిని కత్తిరించి, వెండి పన్ను తళుక్కుమనేలా స్టిక్కరు చేసి వదిలాడు. ఎవరికి ఏం తక్కువైనా ఆ స్టిక్కరు పంపుకుంటున్నారు. జీతం తక్కువొస్తే జొరైదా. టీమ్ ఓడిపోతే జొరైదా. నవ్వుతూ ఏడుస్తున్న పసుపు ముఖాలు వందలు వందలు. ముందు బొమ్మ, వెనక బొమ్మ ఎవడూ తిప్పలేదు. తిప్పే తీరిక ఎవడికుంది? ఉమ్మెయ్యటానికి ఒక ముఖం దొరికింది, చాలు.

బస్సు ఇంకా ఆగకముందే దూకి ఆఫీసుకి వెనక్కి పరుగెత్తింది.

"తెలుసు, తెలుసు," అన్నాడు గొంసాలో ఆమె నోరు తెరవకముందే. "యంత్రం తప్పు. కింద మొదటి కామెంటులో సవరణ పెట్టించా."

"తీసెయ్."

"కూచో ముందు."

"తీసెయ్ గొంసాలో! ఆమె నోట్లో వాడి ఉమ్మి పోశాం మనం!"

"తీసేస్తే పేజీకి వచ్చే దారి కూడా పోతుంది. అర్థం చేసుకో. ఈ గుట్ట గురించి నిన్నటి దాకా పదిమంది అడిగిన పాపాన పోలేదు. ఈరోజు చూడు, దేశం అంతా తిడుతోంది."

"ఎవర్ని తిడుతోంది?"

"ముందు తిట్టనీ. ఎవర్ని తిట్టాలో తర్వాత చెప్దాం."

ఈ మాట అన్నవాడు దుర్మార్గుడు కాడు. ఉద్యోగులకి జీతాలు ఆలస్యమైతే తన జీతం ఆపుకునే మనిషి. అయినా ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళు ఆమె మీద లేవు, గోడ మీద తెరలో ఎగబాకుతున్న అంకెల మీద ఉన్నాయి. యొవానాకి ఆ డబ్బా మూత మళ్ళీ తెరిచినట్టయింది. అదే నురగ, అదే బుసబుస. సాయంత్రానికి ఎలాగో ఆ బొమ్మ తీయించింది. తీసేసరికి దాని కాపీలు ఊరంతా తిరుగుతున్నాయి. సైటులో చెరిపిన బొమ్మ జనం జేబుల్లో పోదు కదా.

*

గుట్ట మీద పొయ్యి మండుతూనే ఉంది. కుండ ముందు గిన్నెలు లేవు.

యొవానా ఎక్కి వచ్చేసరికి జొరైదా పప్పు కలుపుతోంది. ఒక్కతే. మధ్యాహ్నం కావస్తున్నా వరసలో ఉన్నది కాళ్ళు లేని ఒక ముసలాయన, అతని కుక్క. ఎదురింటి గడప మీద ఇద్దరు ఆడవాళ్ళు పిల్లల చేతుల్లో ఉత్త రొట్టెముక్కలు పెట్టి, కుండ వైపు చూసీ చూడనట్టు నిలబడ్డారు. వంటశాల తలుపు మీద ఎవరో బొగ్గుతో చేప బొమ్మ గీసి, దానికి పళ్ళు పెట్టారు.

"వచ్చావా బొమ్మలమ్మా!" అంది ఒలిందా గడప మీదనుంచి. "ఇంకా ఎవరి ముఖమైనా మిగిలిందా గీయటానికి?"

యొవానా తల వంచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. "పిన్నీ, అది నేను చేసింది కాదు. కోసినప్పుడు..."

"విన్నాలే. మా మనవరాలు చదివి చెప్పింది. మిషను కోసిందట." జొరైదా తల ఎత్తలేదు. గరిటె కుండ అడుగు తాకుతూ తిరుగుతోంది. "నాకు ఫోను లేదు. అయినా ఇప్పుడు నా ముఖం అందరి ఫోన్లలో ఉంది. నిన్న బజారులో ఉల్లిపాయలు అడిగితే, కొట్టువాడు నవ్వి, 'నీకిదే ఎక్కువ' అన్నాడు."

యొవానాకి ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఇంకా అసహ్యంగా ఉంటుందని మింగింది.

జరిగింది చిన్నది కాదు. చేపలు వచ్చినట్టు అందరికీ తెలుసు. కుండలో పడలేదనీ తెలుసు. పాతేశానన్న మాట ఆ రోజే కొందరికి గొంతు దిగలేదు. ఇప్పుడు ఫోనులో జొరైదా తన నోటితో తానే 'మీ పిల్లలకి ఇదే ఎక్కువ' అంటోంది. ఇంకేం కావాలి? చేపలు అమ్ముకుంది, మనకి దుంపల నీళ్ళు పోసింది. ఎల్మెర్ పొద్దున్నే వచ్చి ఎంతో బాధపడిపోయాడట. ఆదివారం సభ పెట్టి, జొరైదా మెడలో తాళంచెవి తీసి, తాను తెచ్చే మనిషికి ఇవ్వమన్నాడట. ఆ మనిషి ఎవరో గాని, ఉబ్బిన డబ్బాలని కుండలో వెయ్యనని మాత్రం అనదు.

"గొయ్యి తవ్వి చూపిద్దాం పిన్నీ. డబ్బాలు అక్కడే ఉన్నాయిగా."

అప్పుడు ఎత్తింది జొరైదా తల.

"ఎందుకు చూపించాలి? వీళ్ళ పిల్లలకి నా చేతి ముద్దే మొదటి ముద్ద. జబ్బు చేస్తే గంజి నేను కాచాను. నన్ను నమ్మాలంటే ఇప్పుడు వీళ్ళకి కంపు కావాలా? తవ్వను. కంపు చూస్తే గాని నమ్మనివాళ్ళు నమ్మక్కర్లేదు."

"మరి నేనేం చెయ్యను?"

"నిన్ను ఒకటే అడిగాను, గుర్తుందా?" గరిటె కుండ అంచుకి కొట్టి పక్కన పెట్టింది. "వాణ్ణి వాడిలాగే గియ్యమన్నాను. గీశావా?"

యొవానా కుండ వైపు చూపు తిప్పుకుంది.

"మా మనవరాలు పెద్ద బొమ్మ కూడా చూపించింది. కొయ్యని బొమ్మ. అందులో నేనున్నాను, నా పన్నుంది, నా చెప్పులకి పడ్డ చిరుగు కూడా ఉంది. వాడెక్కడ? ఒక బూటు. నువ్వు భయపడి వాడి నోరు తీసేశావు. నోరు లేని మాట ఊరుకుంటుందా పిల్లా? దగ్గర్లో ఏ నోరుంటే ఆ నోట్లో దూరుతుంది. మిషనుని ఎందుకు తిడతావు? దానికి నువ్వు వేరే నోరు ఎక్కడ ఇచ్చావు?"

ముసలాయన గిన్నె చాపాడు. జొరైదా అతనికి పప్పు పోసి, పైన ఒక దుంప వేసింది. కుక్కకి వేరే రేకులో పోసింది. తర్వాత కుండ మీద మూత పెట్టింది. యొవానాని ఉండమనలేదు, పొమ్మనలేదు.

*

ఆదివారం జొరైదాయే గరిటెతో మూత మీద మోగించి సభకి పిలిచింది. తనని దించే సభకి తానే మోగించాల్సిన ఖర్మ. కాని పిలుపు మోగించటం తాళంచెవి ఉన్నవాళ్ళ పని, ఇంకా చెవి ఆమె మెడలోనే ఉంది.

గుట్ట దిగి, గుట్ట ఎక్కి ఆడవాళ్ళు చేరారు. సన్నటి జల్లు ముఖాలకి అంటుకుంటోంది. ఎల్మెర్ ఆ రోజు బూట్లు కాక తెల్ల కాన్వాసు చెప్పులు వేసుకొచ్చాడు. యొవానా మొత్తం పేజీని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి తెచ్చింది. వంటశాల గోడకి నాలుగు మూలలా అంటించింది.

ఆడవాళ్ళు దగ్గరికి వచ్చి చూశారు.

"ఈ మాట ఎవరు అంటున్నట్టు?"

"ఇదిగో, తోక ఇటు పోయింది. గడి బయటికి."

"బయట ఎవరున్నారు?"

"బూటుంది."

"బూట్లు కూడా మాట్లాడతాయా ఈ దేశంలో!" అంది ఒలిందా. అందరూ నవ్వారు. యొవానా నవ్వలేకపోయింది.

"ఆ రోజు నేను ఇక్కడే ఉన్నాను," అంది గొంతు పెంచి. "ఆ మాట అన్నది ఈయన. జొరైదా పిన్ని కాదు. నేను నా చెవులతో విన్నాను."

ఎల్మెర్ జాలిగా తల ఊపాడు. "చూశారా అమ్మా? మొన్న ఈమె మాట తీసుకెళ్ళి జొరైదాకి తగిలించింది. ఈరోజు తీసుకొచ్చి నాకు తగిలిస్తోంది. రేపు మీలో ఎవరికి తగిలిస్తుందో? నేనసలు ఆ రోజు వంటశాల గుమ్మం తొక్కలేదు. డ్రైవరు వచ్చాడు, మూసిన పెట్టె దించాడు, వెళ్ళాడు. ఆ డబ్బాలు తెరిస్తే ఎలా ఉంటాయో కూడా నాకు తెలీదు. ఈ బొమ్మలో నేనెక్కడున్నాను? చూపించండి."

ఎవరూ చూపించలేకపోయారు. ఎలా చూపిస్తారు? లేడుగా. యొవానాకి తన మీద తనకే రోత పుట్టింది. తన చేత్తో తనే చెరిపి, వాడికి తప్పుకునే దారి తీసిపెట్టింది. ఆ బూటు మొన కూడా ఎంత అందంగా గీసింది, మెరుపుతో సహా!

జేబులో ఫోను మోగింది. గొంసాలో.

"సభ దగ్గరే ఉన్నావా? లైవ్ పెట్టు. ఆమెని కౌగిలించుకుని క్షమాపణ చెప్పు, జనం కరిగిపోతారు. ఒకటే జాగ్రత్త, ఆ ఆఫీసరు ముఖం మాత్రం ఎక్కడా..."

ఫోను కట్టేసింది.

వంటశాల తలుపు పక్కన ఒక నల్లబల్ల ఉంది. ఏ రోజు ఏం వండుతారో జొరైదా దాని మీద సుద్దతో రాస్తుంది. శనివారంది ఇంకా ఉంది. కందుల పులుసు, అన్నం. యొవానా చేతి వెనకతో అది తుడిచేసి సుద్దముక్క అందుకుంది.

మొదట జుట్టు గీసింది, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు. తర్వాత కనుబొమలు. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు గీసేసరికి ఇంకొకరు, "అయ్యో, అచ్చం!" అన్నారు. సుద్ద తడి బల్ల మీద కీచుమంటోంది. కలం తిప్పితే చెరిగిపోయే గీత కాదిది. ఒక్కొక్క గీతకి వేళ్ళు నొప్పి పుట్టేలా అదిమి గీసింది. కళ్ళు గీసింది. చేతిలో పెన్ను గీసింది, అట్టపెట్టె మీద కొడుతున్నట్టు. చివరికి ముక్కు మీద నాలుగు మడతల రుమాలు గీసి, సుద్ద పడుకోబెట్టి దాన్ని తెల్లగా నింపింది.

ఎల్మెర్ చూస్తూ నిలబడ్డాడు. బూటుని చూసి నవ్వగలిగిన మనిషి, తన ముఖాన్ని చూసుకుని నవ్వలేకపోయాడు. మెడ ఎర్రబడింది.

"ఇది అన్యాయం!" అన్నాడు. "ఆ రుమాలు కంపుకి కాదు! ఆ రోజు నాకు జలుబు!"

పొయ్యిలో కట్టె పెటేలుమంది.

"ఏ రోజు సార్?" అంది ఒలిందా మెల్లిగా. ఆమె మెల్లిగా మాట్లాడటం గుట్ట మీద ఎవరూ ఎరగరు. "గుమ్మమే తొక్కలేదన్నారుగా?"

"అంటే... నేననేది..."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, రుమాలు గీస్తే జలుబు గుర్తొచ్చిందా?" ఇప్పుడు గొంతు బస్టాపు దాకా పోయింది. "కంపు అని ఆ పిల్ల రాయలేదు సార్. మీరే అన్నారు. డబ్బాలు తెరిస్తే ఎలా ఉంటాయో తెలీనివాళ్ళకి కంపు సంగతి ఎలా తెలిసింది?"

నవ్వు కాదు వచ్చింది. అలాంటప్పుడు నవ్వు రాదు. ఒకావిడ పక్కకి తిరిగి థూ అని ఉమ్మింది. ఇంకొకావిడ తన పిల్ల చేతిలో రొట్టెముక్క వైపు చూసుకుని కళ్ళొత్తుకుంది. ఎల్మెర్ ఏదేదో అన్నాడు, పైవాళ్ళకి చెప్తానన్నాడు, మీకే నష్టమన్నాడు. ఎవరూ తోయలేదు, ఎవరూ తిట్టలేదు. గుంపు అతని చుట్టూ కొంచెం కొంచెం ఖాళీ చేసింది, కుళ్ళిన డబ్బా చుట్టూ జరిగినట్టు. తెల్ల చెప్పులకి బురద అంటుకోవటం కూడా చూసుకోకుండా దిగిపోయాడు.

యొవానా బుడగ గీసింది. అందులో ఆ మాట రాసింది. తోక గీయబోతుంటే జొరైదా వచ్చి చేతిలో సుద్ద లాక్కుంది. బొమ్మ గీయటం ఆమెకి రాదు. కుండ అడుగు గోకే బలంతో, బుడగ కిందినుంచి రుమాలు దాకా ఒక మందపాటి గీత లాగింది. సుద్ద విరిగింది.

"పిన్నీ, నన్ను..."

"క్షమించటం సంగతి తర్వాత చూద్దాం." విరిగిన ముక్క ఆమె చేతిలో పెట్టింది. "ముందు కింద నీ పేరు రాయి. వాడు వచ్చి ఎవరు గీశారని అడిగితే మళ్ళీ నన్ను చూపిస్తారు."

యొవానా రాసింది. పేరు, ఇంటిపేరు, రెండూ.

ఆడవాళ్ళు ఫోన్లు తీశారు. ఒకమ్మాయి దగ్గరికి వెళ్ళి ఎల్మెర్ ముఖం ఒక్కటే పట్టబోతే, ఒలిందా ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"మొత్తం తియ్యవే! తోకతో సహా."

తర్వాత ఆమె జొరైదా దగ్గరికి వచ్చింది. క్షమాపణ చెప్పే నోరు కాదది. శాలువా కొంగుతో ముక్కు తుడుచుకుని, జొరైదా మెడలో తాళంచెవి వైపు చూస్తూ, "రేపటికి పప్పు నానెయ్యాలి, తలుపు తియ్యి వదినా," అంది. జొరైదా ఆమె కొంగుని చూసింది, తలుపు మీద పళ్ళున్న చేపని చూసింది. "ముందు అది కడుగు," అంది. ఒలిందా బకెట్టు అందుకుంది.

యొవానా జేబులో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి గొంసాలో గొంతులో కాఫీ లేదు, చెమట ఉంది.

"నల్లబల్ల బొమ్మ ఒకటి తిరుగుతోంది. నీ గీతలా ఉంది. లాయరు పక్కనే ఉన్నాడు, ఎవరు గీశారని అడుగుతున్నాడు. నువ్వు కాదుగా? కాదని చెప్పు చాలు."

"కింద పేరుంది, చదువుకోమను," అంది యొవానా.

ఫోను జేబులో పెట్టి, సుద్ద అంటిన వేళ్ళు లంగాకి తుడుచుకుని, దుంపల గంప ముందు ఖాళీగా ఉన్న పీట మీద కూచుంది. జొరైదా ఆమె వైపు చూడకుండానే ఒక చాకు తెచ్చి ముందు పెట్టింది.